కలెక్టరుగారి మ్యూజియం: క్రాకోవ్‌లో మంగ్ఘా

పోలండ్‌లోని క్రాకోవ్‌లో మీకు ఒక్క రోజే ఉంటే వావెల్ కోట చూసుకుని వెళ్ళిపోండి. రెండో రోజు కూడా ఉంటే మాత్రం కోటకి ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున ఉన్న మంగ్ఘా అనే జపాన్ కళల మ్యూజియానికి వెళ్ళండి.

నేను ఈ ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాను. అకౌంట్స్ ఉద్యోగం. ఈ ఆరేళ్ళలో మంగ్ఘాకి నాలుగుసార్లు వెళ్ళాను, అందులో మూడుసార్లు కాఫీకే. అక్కడి టెర్రస్ మీద కూర్చుంటే ఎదురుగా విస్తులా నది, దాని మీదుగా కోట కనిపిస్తాయి. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసేదాన్ని. లోపల ఏముందో నిదానంగా చూసింది నాలుగోసారి, మా నాన్న వచ్చినప్పుడు.

నాన్నది పెడన. కలంకారీ గుడ్డల మీద కొట్టే చెక్క అచ్చులు చెక్కడం ఆయన పని. రెండేళ్ళ కిందట రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక సన్నపని మానేశాడు, పెద్ద పువ్వులు, అంచులు మాత్రమే చెక్కుతున్నాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేడు. మూడు నెలల వీసా మీద ఇక్కడికి తీసుకొస్తే రెండో వారానికే వంటింట్లో చపాతీ కర్రకి పడిన పగులు సరిచేయడం మొదలుపెట్టాడు. అందుకని ఆదివారం ఒక టూర్ బుక్ చేశాను.

ఆ టూర్ గురించి ముందు చెప్పాలి. ఏ కంపెనీయో రాయను, ఇలాంటివి ఇక్కడ చాలా ఉన్నాయి. మనిషికి 120 జ్లోటీలు, మూడు గంటల నడక, క్రాకోవ్ కళ, కళాకారుల ఇళ్ళు అని ప్రకటన. గైడ్ కుర్రాడు ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. సారీ చెప్పలేదు. పదకొండు మందిమి. పెద్ద చౌరస్తా దగ్గర సెయింట్ జాన్ వీధి మలుపులో ఆగి, ఒక బిల్డింగ్ వైపు గొడుగు చూపించి, ఇక్కడ ఫెలిక్స్ యాషెన్‌స్కీ అని ఒక కలెక్టర్ ఉండేవాడు, జపాన్ అంటే పిచ్చి అని ఇంగ్లీషులో చెప్పి, అందర్నీ చాక్లెట్ షాపు వైపు నడిపించాడు. మొత్తం ఒకటిన్నర నిమిషం. ఆ షాపులో మాత్రం ఇరవై నిమిషాలున్నాం.

నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు గానీ ఒక్క ముక్క పట్టుకున్నాడు.

"కలెక్టరంటే, జిల్లా కలెక్టరా?"

"కాదు నాన్నా, వస్తువులు పోగేసే కలెక్టరు."

"ఏం పోగేశాడు?"

"నీ పనే. చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన బొమ్మలు. వేలకి వేలు."

చాక్లెట్ షాపు ముందు ఆగిపోయాడు. "మరి అవి చూపించకుండా ఈ మిఠాయి కొట్టేమిటి? పద." అక్కడితో టూర్ వదిలేసి వచ్చేశాం. టూర్‌కి ఒక్క స్టార్, ఆ ఒకటీ గైడ్ నోట్లోంచి ఆ పేరు వచ్చినందుకు. ఆ రోజు నుంచి మా ఇంట్లో యాషెన్‌స్కీ పేరు కలెక్టరుగారే.

కోట దగ్గర నుంచి గ్రున్‌వాల్డ్ వంతెన దాటి నడిస్తే పావుగంట కూడా పట్టదు. వంతెన మీద నుంచే మ్యూజియం కప్పు కనిపిస్తుంది, కెరటంలా లేచి పడినట్టుంటుంది. కట్టింది జపాన్ ఆర్కిటెక్ట్ ఇసోజాకి అరాతా, డిజైన్‌కి డబ్బు తీసుకోలేదు. లోపలికి వెళ్ళగానే జనం కింద ఉన్నవి చూస్తారు. నాన్న తలెత్తి పైకప్పు చూశాడు. వంచిన చెక్క దూలాలు, వంపు తిరిగి గోడల మీదకి దిగుతుంటాయి. ఒక దూలాన్ని కళ్ళతోనే ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచి, "ఒక్క చెక్క కాదు, పలకలు పలకలుగా అతికించారు" అన్నాడు. తర్వాత చదివాను, నిజమే.

లోపల వెలుతురు తక్కువ. కొత్తగా వెళ్ళినవాళ్ళకి మసకగా అనిపించవచ్చు గానీ కారణం ఉంది. ఈ బొమ్మల్లో చాలావాటికి వాడినవి చెట్ల నుంచి తీసిన రంగులు, వెలుగు తగిలితే వెలిసిపోతాయి. అందుకే అన్నీ ఒకేసారి పెట్టరు, కొన్నాళ్ళు పెట్టి మళ్ళీ లోపల దాచేసి వేరేవి తీస్తారు. ఫలానా బొమ్మే చూడాలని ఉంటే వెళ్ళే ముందు ఏం ప్రదర్శనలో ఉన్నాయో కనుక్కోండి. ఇది నాన్నకి చెప్పాల్సిన పని పడలేదు. పాత రోజుల్లో చిరివేరుతో ఎర్ర రంగు వేసినవాళ్ళ మనవడు ఆయన.

మా అదృష్టం, ఆ రోజు జపాన్ చిత్రకారుడు హిరోషిగే వాన బొమ్మ ఉంది. ఫోన్లలో, టీషర్టుల మీద మీరు చూసే ఉంటారు: చెక్క వంతెన, దాని మీద గొడుగులూ చాపలూ కప్పుకుని పరుగెత్తే మనుషులు, నదిలో ఒంటరిగా తెప్ప తోసుకుపోతున్నవాడు, పైన నల్లటి మబ్బు. 1857 నాటిది. నేను మనుషుల్ని చూస్తున్నాను. నాన్న వాన చూస్తున్నాడు.

వాన అంటే గీతలు. పై నుంచి కింద దాకా వెంట్రుకంత సన్నని నల్ల గీతలు, వందలు. దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ ఒకే వాలులో లేవు, కొన్ని కొంచెం ఇటు, కొన్ని కొంచెం అటు. నాన్న కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మళ్ళీ దించి, చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. కాపలా ఉన్నావిడ మా వైపు రెండడుగులు వేసి, ఆ చేతులు వెనక్కే ఉన్నాయని చూసి ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇది గీసింది కాదు. ఈ గీత నిలబడాలంటే దీనికి అటూ ఇటూ ఉన్న చెక్కంతా తీసెయ్యాలి. రెండు గీతల మధ్య చెక్క తీసేటప్పుడు చెయ్యి కాస్త జారితే వాన తెగిపోతుంది. రెండు అచ్చులు వేశాడు చూడు, ఒక వాలుకి ఒకటి."

అక్కడే నిలబడి ఫోన్‌లో ఒక వీడియో చూపించాను, జపాన్‌లో ఈ బొమ్మలు అచ్చు వేసే పద్ధతిది. అందులో నాన్నకి ఆశ్చర్యం వేసిన సంగతి ఒకటుంది. మన దగ్గర గుడ్డ పరిచి దాని మీద అచ్చు పెట్టి పిడికిలితో కొడతాం. వాళ్ళు అచ్చుని వెల్లకిలా పెట్టి రంగు పూసి, దాని మీద తడి కాగితం పరిచి, వెనక నుంచి వెదురాకు చుట్టిన బిళ్ళతో రుద్దుతారు. మన దగ్గర కదిలేది అచ్చు, వాళ్ళ దగ్గర కదిలేది కాగితం. రంగుకో అచ్చు రెండు చోట్లా ఉంది. మరి ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవాలి కదా? ప్రతి అచ్చు మూలనా ఒకే చోట ఒక గాడి, అంచున ఇంకో గాడి చెక్కుతారు, కాగితాన్ని వాటికి ఆనించి పరుస్తారు. పెడనలో మూల గుర్తు చూసుకుని కంటి అంచనాతో కొట్టుకుపోతారు. "మా కన్నే మాకు గాడి" అన్నాడు నాన్న. కాస్త గర్వంగా.

మబ్బు నలుపు పై నుంచి కిందికి ఎలా పలచబడిందో కూడా అడిగాడు. అది చెక్కినది కాదు, రంగు పూసేవాడు అచ్చు మీదే తడి కుంచెతో తుడిచి తుడిచి పలచన చేస్తాడు. ప్రతి కాగితానికీ మళ్ళీ చేయాలి. అందుకే ఒకే బొమ్మ కాపీలు రెండు పక్కపక్కన పెడితే మబ్బు ఒకలా ఉండదు.

ఇంకో సంగతి నాకే కొత్త. హిరోషిగే నీలం అంటే ఏదో జపాన్ రహస్యం అనుకునేదాన్ని. ఆయన బొమ్మల్లో నదికీ ఆకాశానికీ కనిపించే ఆ చిక్కటి నీలం బెర్లిన్‌లో పుట్టిన రంగు. ఐరోపా నుంచి ఓడలో జపాన్ వెళ్ళి, బొమ్మల్లో కలిసిపోయి, మళ్ళీ పారిస్ కొట్లకి వచ్చింది. మన మచిలీపట్నం గుడ్డలు డచ్చివాళ్ళ ఓడల్లో జపాన్ వెళ్ళాయనీ, అక్కడ వాటిని సరసా అనేవారనీ చెబితే నాన్న నమ్మలేదు. "మా తాత చెప్పలేదే" అన్నాడు.

"ఇంతకీ చెక్కినవాడి పేరేది?"

ఇదే ఆయన అసలు ప్రశ్న. హిరోషిగే బొమ్మ గీసి ఇచ్చాడు. చెక్కింది ఒకరు, రంగు వేసింది ఇంకొకరు, డబ్బు పెట్టి అమ్మింది మరొకరు. గీసినవాడి సంతకం, అమ్మినవాడి ముద్ర దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. చెక్కినవాడి పేరు ఎప్పుడో గానీ ఉండదు. చెప్పాను. "ఊఁ" అన్నాడంతే. పెడనలో కూడా అంతే మరి.

కలెక్టరుగారి దగ్గరికి వస్తాను. ఈ మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు జపాన్ చూసి వచ్చేస్తారు, నేనైతే మూడుసార్లు అది కూడా సరిగ్గా చూడలేదు. కానీ ఇదంతా ఒక మనిషి పోగేసింది అని తెలిసి చూస్తే వేరేగా ఉంటుంది. యాషెన్‌స్కీ 1861లో వార్సా దగ్గర ఒక భూస్వాముల ఇంట పుట్టాడు. అప్పటికి పోలండ్ అనే దేశం మ్యాపులో లేదు, రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. చదువుకోవడానికి దోర్పాత్ వెళ్ళాడు, ఇప్పుడది ఎస్తోనియాలో ఉంది. కంటి జబ్బు వచ్చి చదువు మధ్యలో వదిలేశాడు. తర్వాత బెర్లిన్, పారిస్. పియానో బాగా వాయించేవాడు. పారిస్‌లో అప్పుడు జపాన్ వస్తువుల మోజు నడుస్తోంది. అక్కడ పట్టుకుంది ఆయన్ని ఈ పిచ్చి. జపాన్‌కి జన్మలో వెళ్ళలేదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మల పుస్తకాల పేరు మాంగా. దాన్నే కాస్త వంకరగా రాసి తన కలం పేరు చేసుకున్నాడు, మంగ్ఘా అని. అదే ఇప్పుడు మ్యూజియం పేరు. మన పిల్లలు చదివే జపాన్ కామిక్స్ మ్యూజియం అనుకుని వచ్చి తికమకపడేవాళ్ళు ఉంటారు, పోస్టర్ చూసి నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను.

కంటి జబ్బు మాట చెప్పినప్పుడు నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కళ్ళు పోతాయేమోనని బెంగపడ్డవాడు కొనడానికి బొమ్మలే దొరికాయా" అన్నాడు. వెక్కిరింపు కాదు అది.

1901లో వార్సాలో, జహెంతా అనే పెద్ద గ్యాలరీలో, తన జపాన్ బొమ్మలు ప్రదర్శనకి పెట్టాడు. జనం పట్టించుకోలేదు, పత్రికలు నవ్వాయి. ఆయనకి ఒళ్ళు మండి, ఇది పశువుల కోసం కాదు అని బోర్డు రాసి పెట్టాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నాన్న నవ్విన నవ్వుకి కాపలా ఆవిడ మళ్ళీ మా వైపు చూసింది. హస్తకళల ఎగ్జిబిషన్లలో ఏళ్ళ తరబడి స్టాల్ పెట్టిన మనిషి ఆయన. రోజంతా చేత్తో అచ్చు కొట్టిన దుప్పటి పరిస్తే, వచ్చినవాళ్ళు వేళ్ళతో నలిపి, ఇది స్క్రీన్ ప్రింటేగా, రెండొందలకి ఇస్తావా అంటారు. "ఆ బోర్డు తెలుగులో రాయించి మన స్టాల్ మీద కట్టాల్సింది."

వార్సా మీద అలిగి క్రాకోవ్ వచ్చేశాడు. ఆ సెయింట్ జాన్ వీధి ఇల్లే ఆయన మ్యూజియం. జపాన్ ఒక్కటే కాదు, సాటి పోలిష్ చిత్రకారుల బొమ్మలు, తివాచీలు, పాత ఫర్నిచర్ కూడా పోగేశాడు. 1902లో ఇక్కడి గ్రాఫిక్ కళాకారులు సంఘం పెట్టుకుంటే వెనక నిలబడ్డాడు. పత్రికల్లో రాస్తే మాత్రం నోటి దురుసు, ఎవర్నీ వదల్లేదట. 1920 మార్చిలో అంతా ఊరికి రాసిచ్చేశాడు, క్రాకోవ్ నేషనల్ మ్యూజియానికి. సుమారు 15,000 వస్తువులు, అందులో దాదాపు సగం జపాన్‌వి. తాను బతికి ఉండగానే ఇచ్చాడు, ఇచ్చాక కూడా ఆ ఇంట్లోనే ఉండి వాటిని చూసుకున్నాడు. 1929లో పోయాడు.

నాన్నకి వెంటనే సాలార్‌జంగ్ గుర్తొచ్చింది. నాకూ. కానీ తేడా ఉంది. మూడో సాలార్‌జంగ్ 1949లో పెళ్ళి పిల్లలు లేకుండా పోయాడు, ఆ తర్వాత ప్రభుత్వం చూసుకుని 1951లో మ్యూజియం తెరిచింది. ఈయన తన చేత్తో కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇచ్చినా ఏమైంది? కొన్నేళ్ళకి మళ్ళీ పెట్టెల్లోకే వెళ్ళాయి. దశాబ్దాల పాటు వాటికి సరైన చోటే లేదు.

బయటికి ఎలా వచ్చాయన్నది సినిమా కథలాగే ఉంటుంది, తెచ్చింది సినిమా మనిషే. 1944లో, ఊరు నాజీల చేతుల్లో ఉన్నప్పుడు, చౌరస్తా మధ్య ఉన్న పాతకాలపు బట్టల మార్కెట్ భవనం సుకెన్నీత్సేలో ఈ బొమ్మలు కొన్ని ప్రదర్శనకి పెట్టారు. జపాన్ వాళ్ళకి మిత్రదేశం మరి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు వెళ్ళి చూశాడు. ఆ కుర్రాడు ఆంద్జేయ్ వాయ్దా. తర్వాత పోలండ్‌లోకెల్లా పేరున్న దర్శకుడయ్యాడు. 1987లో ఆయనకి జపాన్‌వాళ్ళు క్యోటో ప్రైజ్ ఇచ్చారు, నాలుగున్నర కోట్ల యెన్‌లు. ఆయనా ఆయన భార్యా ఆ డబ్బంతా పెట్టి, ఈ బొమ్మలకి ఒక ఇల్లు కట్టాలి అన్నారు. జపాన్‌లో చందాలు పోగయ్యాయి, అక్కడి రైల్వే కార్మికుల యూనియన్ పెద్ద మొత్తం ఇచ్చింది. 1994 నవంబర్ 30న తలుపులు తెరిచారు. అంటే కలెక్టరుగారు రాసిచ్చిన డెబ్బై నాలుగేళ్ళకి.

రైల్వే కార్మికులు అనగానే నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అప్పటికి టెర్రస్ మీదున్నాం. పచ్చ టీ తెప్పించాను, పొడి కలిపి నురగ తేలేలా చిలికేది. ఒక గుక్క తాగి, "కరక్కాయ నీళ్ళు" అన్నాడు. పెడనలో రంగు పట్టడానికి గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలోనే ముంచుతారు. అయినా గ్లాసు ఖాళీ చేశాడు, ఆయనకి వదిలేయడం రాదు.

మీకు ఓపికుంటే అదే రోజు సుకెన్నీత్సే మేడ మీద గ్యాలరీకి కూడా వెళ్ళండి. కలెక్టరుగారి ఇంకో వైపు అక్కడుంది. పొద్‌కొవీన్‌స్కీ అనే చిత్రకారుడి పెద్ద బొమ్మ, మూడు మీటర్ల పైన ఎత్తు. నోటి నుంచి నురగలు కక్కుతూ వెనక కాళ్ళ మీద లేచిన నల్ల గుర్రం, దాని మెడని వాటేసుకున్న నగ్న స్త్రీ. 1894లో వార్సాలో దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు, ప్రదర్శన ఇంకా ముగియకుండానే చిత్రకారుడే కత్తి తీసుకుని వచ్చి తన బొమ్మని తనే చీల్చేశాడు. కొన్ని నెలలకి చనిపోయాడు. కుట్టి బాగుచేశాక దాన్ని కొని నేషనల్ మ్యూజియానికి ఇచ్చింది మన యాషెన్‌స్కీయే. నాన్న ఆ బొమ్మ ముందు సరిగ్గా మూడు సెకన్లు నిలబడి, కూతురు పక్కనుందని గుర్తొచ్చి, గుర్రం కాళ్ళు మాత్రం బాగా వేశాడు అని పక్క గదిలోకి నడిచాడు. నేను చీలిక ఆనవాళ్ళ కోసం కాసేపు వెతికాను.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. మంగ్ఘాకి సోమవారం సెలవు. ట్రామ్‌లో అయితే గ్రున్‌వాల్డ్ రౌండబౌట్ దగ్గర దిగండి. బొమ్మలకి గంటన్నర పెట్టుకోండి, టెర్రస్‌కి వేరే. చిన్నపిల్లలకి ఆ మసక వెలుతురులో విసుగు రావచ్చు, నది ఒడ్డున అగ్గి ఊదే డ్రాగన్ విగ్రహం చూపిస్తామని ముందే ఆశ పెట్టి ఉంచండి. చేతిపని తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, నేత కానీ, వడ్రంగం కానీ, కుట్టు కానీ, వాళ్ళని తీసుకెళ్ళండి. ఏ గైడూ అక్కర్లేదు.

నాన్న షాపులో కొన్నది ఒక్కటే, ఆ వాన బొమ్మ పోస్ట్‌కార్డు. పెడన వెళ్ళాక నెల దాటి ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అరచేతి వెడల్పు టేకు చెక్క, దాని మీద ఏటవాలుగా రెండు గీతలు, మూడో గీత సగంలో విరిగి ఉంది. కింద వాయిస్ మెసేజ్: "టేకు నార పెద్దది, నిలబడటంలేదు. వాళ్ళు చెర్రీ చెక్క వాడతారన్నావు కదా, ఆ చెట్లు మీ అపార్ట్‌మెంట్ వెనకాల ఉన్నవే కదూ. కొమ్మలు కొట్టేటప్పుడు మున్సిపాలిటీవాళ్ళని ఓ ముక్క అడుగు."